వోల్ఫ్ 359 కోసం వెతికితే పుబ్బ దొరికింది

సూర్యుడి మీద పెద్ద జ్వాల ఎగసినప్పుడు గామా కిరణాలు కూడా వస్తాయి. 2012 మార్చి 7 నాటి జ్వాల తర్వాత అంతరిక్షంలో తిరుగుతూ గామా కిరణాల్ని పట్టే ఫెర్మి టెలిస్కోపు దాదాపు 20 గంటలపాటు వాటిని పట్టింది. మరి సూర్యుడి కంటే తరచుగా రేగే ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల సంగతేంటి? ఇదే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. 7.9 కాంతి సంవత్సరాల దూరంలో, సింహరాశిలో ఉన్న వోల్ఫ్ 359ని ఎంచుకున్నాను.

ఫెర్మి డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. తార్నాకలో మా ఇంట్లోనే, రాత్రిళ్లు ల్యాప్‌టాప్ నడిపేదాన్ని. చిక్కంతా దిశ దగ్గరే. 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఫోటాన్, అంటే కాంతి కణం, ఎటునుంచి వచ్చిందో 5 డిగ్రీల అటూఇటూగా తప్ప తెలియదు. అంటే పది నిండు చందమామల్ని పక్కపక్కన పేర్చినంత. చుట్టుపక్కల తెలిసిన మూలాలన్నిటి వెలుగూ లెక్కగట్టి తీసేశాక ఏమైనా మిగిలిందా అని చూడాలి. ఆ మిగులుకు టీఎస్ అనే అంకె ఉంటుంది. 25 దాటితే నమ్మొచ్చంటారు.

మూడు నెలల డేటాను రోజువారీగా కోసి నడిపాను. నాలుగు రోజులు 25 దాటాయి! ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి సార్‌కి గ్రాఫ్ పంపిస్తే ఒకటే మాటన్నారు: "ఆ తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో చూడమ్మా."

27, 27, 28.

వంటింట్లో ఫ్రిజ్ పక్కన అమ్మ తగిలించిన క్యాలెండర్ కాగితాలు ఎత్తి చూశాను. నాలుగు తేదీల గడుల్లోనూ పుబ్బ. "ఏం వెతుకుతున్నావే?" అంది అమ్మ. "చంద్రుణ్ణి" అన్నాను.

వోల్ఫ్ 359 దాదాపు సూర్యుడు నడిచే దారి మీదే ఉంది. చంద్రుడు నెలనెలా దాని దగ్గరగా పోతాడు. కాస్మిక్ కిరణాలు నేరుగా చంద్రుడి నేలను కొట్టడం వల్ల గామా కిరణాల్లో అతను బాగా మెరుస్తాడు. సూర్యుడు కూడా ఏటా పుబ్బ కార్తెలో అక్కడికి వస్తాడు. వాళ్లిద్దరూ దగ్గరున్న గంటలన్నీ కత్తిరించి మళ్లీ నడిపితే ఒక్క రోజూ 25 దాకా రాలేదు. చివరికి రాసింది, ఇంతకన్నా ఎక్కువ గామా వెలుగు లేదనే ఒక పైహద్దు. అది రాయడం నాకు చిన్నతనంగా అనిపించలేదు, ఎందుకంటే ఆ అంకెలో ఇప్పుడు చంద్రుడు లేడు.

ఇప్పుడు ఈవీ లాసెర్టే అనే మరో ఎర్ర మరుగుజ్జు మీద కూర్చున్నాను. చంద్రుడు అటువైపు రాడు. 2008 ఏప్రిల్ 25న అది భారీగా రేగింది. ఫెర్మి నింగికెగిరింది జూన్ 11న. 47 రోజులు!