నాసిక్ వైన్ ద్రాక్ష: రెండు కత్తిరింపులు, ఒకటే పంట

ఫ్రాన్సులో ద్రాక్ష తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు. నాసిక్‌లో అంత చలి లేదు. వదిలేస్తే తీగ ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే అక్కడ కాలాన్ని నడిపేది కత్తెర: ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి. హైదరాబాదు చుట్టుపక్కల తినే ద్రాక్ష పండించినవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు.

చాలామంది శ్రద్ధంతా అక్టోబరు మీదే పెడతారు. నిజానికి పంట ఖాయమయ్యేది వేసవిలో. ఏప్రిల్లో కొమ్మకి ఒకటి రెండు కళ్లు (చిగురు మొలిచే మొగ్గలు) మిగిల్చి కత్తిరిస్తే కొత్త రెమ్మలొస్తాయి. సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య ఆ రెమ్మల కళ్ల లోపల గుత్తి రూపు కడుతుంది. గుత్తికీ నులితీగకీ మూలం ఒకటే. ఎండ, పిండిపదార్థం సరిపోతే గుత్తి, చాలకపోతే వట్టి నులితీగ. నత్రజని ఎక్కువైనా, రెమ్మలు గుబురై నీడ పడినా, కత్తిరింపు ఆలస్యమై ఆ రోజులు జూన్ మబ్బుల్లో పడినా అక్టోబరులో తోట పచ్చగా ఉంటుంది గానీ కాపు ఉండదు. రెమ్మకీ రెమ్మకీ నాలుగు వేళ్ల ఎడం ఉండేలా మిగతావి తీసెయ్యాలి.

రెండో కత్తిరింపుకి ముందు తోటలో అక్కడక్కడా కొమ్మలు తెచ్చి, కన్నుని బ్లేడుతో నిలువునా చీల్చి మైక్రోస్కోపు కింద చూస్తే ఎన్నో కన్నులో గుత్తి ఉందో తెలుస్తుంది. ఎక్కడ కత్తిరించాలో అదే చెబుతుంది. తినే రకమైన థాంసన్ సీడ్‌లెస్‌కి పొడవుగా వదలాలి. వైన్ రకాల్లో మొదటి కళ్లలోనే గుత్తులుంటాయి కాబట్టి సాధారణంగా రెండు మూడు కళ్లు చాలు.

కత్తిరించిన 48 గంటల్లోపు హైడ్రోజన్ సయనమైడ్‌లో ముంచిన గుడ్డతో కళ్లకి పూస్తారు, చిగుళ్లన్నీ ఒకేసారి రావడానికి. గ్లౌజులు తప్పనిసరి. వైన్ తోటే అయినా, పూసేవాళ్లు ముందు రోజు నుంచి వారం దాకా మద్యం ముట్టకూడదు. ఆ మందు ఒంట్లో మద్యం విరగకుండా అడ్డుపడుతుంది. ముఖం ఎర్రబడి, గుండె దడ, ఆయాసం వస్తాయి.

చిగురు వేళ వాన కురిస్తే బూజు తెగులు, అంటే డౌనీ, ఖాయం. ఆకు పైన నూనె చుక్కలాంటి పసుపు మచ్చ, తిప్పి చూస్తే తెల్లటి నూగు. ఆకు పోతే కోలుకోవచ్చు, పూగుత్తికి పడితే ఆ గుత్తి పోయినట్టే. అందుకే వానలు తగ్గకముందే తొందరపడి కత్తిరించడం జూదం. డిసెంబరు తర్వాత బూడిద తెగులు వంతు.

కాయ మెత్తబడి రంగు తిరిగే ముందు గుత్తుల దగ్గర ఆకులు తూర్పు వైపే తీయాలి. పడమటి వైపు తీస్తే ఫిబ్రవరి ఎండకి కాయ మాడుతుంది.

కోత జనవరి నుంచి మార్చి దాకా. బుడగలు పొంగే (స్పార్క్లింగ్) వైన్‌కి 18-19 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత), తెల్ల వైన్‌కి 20-22, ఎర్రదానికి 23-24. పై నుంచి ఒక గుత్తి తెంపి రుచి చూస్తే లెక్క తప్పుతుంది. వరుసల రెండు పక్కలా, గుత్తి పైనా కిందా కలిపి నూరు కాయలైనా పిండాలి. చక్కెర కోసం మరీ ఆగితే మార్చి వెచ్చటి రాత్రుల్లో పులుపు జారిపోతుంది. తెల్లవారకముందే కోసి చల్లగా చేర్చాలి.

కోత అయ్యాక నీళ్లు ఆపేసే అలవాటు కొందరికుంది. అది తప్పు. ఆ నెల రోజులూ ఆకు పచ్చగా ఉండి వేళ్లలో, మానులో నిల్వ చేసిన తిండి మీదే ఏప్రిల్ చిగురు లేచేది.