పూలసజ్జ ఎక్కడుంది?

మన పదో తరగతి బ్యాచ్ మళ్ళీ కలుసుకునే రోజుకు తెస్తున్న సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు మూడోసారి ఫోను చేసినప్పుడు, ఆరో తరగతిలో చేరిన రోజు నుంచి 1986లో పదో తరగతి పరీక్షలు రాసిన రోజు దాకా అన్నీ వరసగా చెప్పాలనే కూర్చున్నాను. మనం లైట్‌హౌస్ అని పిలిచేవాడు సింహాచలం మెట్ల మీద తప్పిపోయిన సంగతి, కురుపాం మార్కెట్ గొడుగు సంగతి, సెకండ్ బెల్ అని పేరు పెట్టుకున్న మిత్రుడు లెక్కల పీరియడులో చేసిన పని, ఇవన్నీ మీలో ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. నా మనసు మాత్రం ఎనిమిదో తరగతి బి సెక్షనులో, మాఘమాసంలో ఒక పది రోజుల దగ్గర ఆగిపోయింది. తెలుగు మాస్టారు మన చేత పూర్ణమ్మ కథ చదివించిన పది రోజులవి.

అంతవరకు పద్యమంటే మనకు ప్రతిపదార్థం, తాత్పర్యం, ఆ రెండింటి కింద గీసే గీత. ఆ సోమవారం మాస్టారు పాఠ్యపుస్తకం మూయించి, గురజాడ వారి గేయంలోని మొదటి చరణాలను నల్లబల్ల మీద రాసి, అర్థం చెప్పకుండా మూడుసార్లు చదివారు. మూడోసారి బల్ల మీద వేళ్ళతో తకధిమి తకధిమి అని దరువు వేస్తూ మన చేత అనిపించారు. విశాఖ రాస్ కొండ వైపు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ముందు అందుకున్నారు, తరవాత గది మొత్తం అందుకుంది. రోజుకు కొన్ని చరణాల చొప్పున, తరవాత ఏమవుతుందో తెలియకుండా ఆ కథ విన్నాము. దుర్గ పూజకు పువ్వులు కోసే పిల్లను ఒక ముసలివాడికి ఇచ్చి పెళ్ళి చేశారని తెలిసిన రోజున గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

చివరి చరణం రాసిన రోజున మాస్టారు అడిగినది ఒక్కటే ప్రశ్న: పూర్ణమ్మ ఎక్కడికి వెళ్ళింది? చనిపోయిందండి అని లైట్‌హౌస్ వెంటనే చెప్పాడు. ఆ మాట ఈ గేయంలో ఎక్కడుందో చూపించు అన్నారు మాస్టారు. నోటుపుస్తకాలు తిరగేసి అందరం వెతికాము. ఆ మాట లేదు. కన్నుల కాంతులు కలువలను చేరాయి, మేని పసలు మేలిమి బంగారాన్ని చేరాయి, నడకల బెడగులు హంసలను చేరాయి, చివరికి “దుర్గను చేరెను పూర్ణమ్మ”. ఉన్నది చేరడమే. కవికి చెప్పడానికి మనసు రాలేదని కొందరు, ఆమె అమ్మవారిలో కలిసిపోయిందని కొందరు, చెప్పకుండా దాచడం తప్పని ఇంకొందరు వాదించారు. మాస్టారు ఎవరినీ కాదనలేదు, ఎవరినీ ఔననలేదు. ఏ మాటను బట్టి అలా అనుకుంటున్నావని మాత్రం ప్రతి ఒక్కరినీ అడిగారు.

అప్పటిదాకా తెలుగు పీరియడులో నోరు విప్పని మన హార్బరు కెప్టెన్ లేచి నిలబడ్డాడు. వాళ్ళ చిన్నాన్న ఎక్కిన పడవ ఆ ఏడు తుపానులో తిరిగి రాలేదని మనలో చాలామందికి అప్పుడే తెలిసింది. “మా పేటలో సచ్చిపోయినాడని అనరండి. గంగమ్మ దగ్గిరికి ఎల్లిపోనాడంతారండి. మా నాయనమ్మ ఇప్పటికీ కంచం ఎడతాదండి” అన్నాడు. మాస్టారు వెనక్కి తిరిగి, గురజాడ వారి చివరి పంక్తి కిందనే, అదే దస్తూరితో, కెప్టెన్ మాటను ఒక్క అక్షరం దిద్దకుండా రాశారు. సుద్దముక్క విరిగింది, ఇంకొకటి తీసుకుని పూర్తిచేశారు. మన మాట, మన ఇంట్లో మాట్లాడే మాట, కవి మాట పక్కన నిలబడగలదని ఆ రోజు నల్లబల్ల మీద చూశాను. తరవాత నేను ఎన్ని విమర్శ గ్రంథాలు చదివినా ఆ పంక్తికి కెప్టెన్ చెప్పిన వ్యాఖ్యానమే నాకు మొదట గుర్తుకు వస్తుంది.

మర్నాడు మాస్టారు కన్యాశుల్కం పాత ప్రతి ఒకటి తెచ్చి, 1897లో గురజాడ వారు దానికి రాసిన పీఠికలోని ఒక సంగతి చెప్పారు. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ పట్టిక తయారు చేయించగా, మూడేళ్ళకు 1,034 తేలాయి. ఆ పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది. ఆ రెండు అంకెలను బల్ల మీద రాసి, ఇది మన జిల్లా అని మాత్రం అన్నారు. నాకు తెలియకుండానే నా చూపు ఆడపిల్లల మూడో వరస చివరికి వెళ్ళింది. మీ అందరి చూపూ అక్కడికే వెళ్ళిందని నాకు తెలుసు. రోజూ బల్ల మీద తేదీ రాసే పిల్ల, దస్తూరి పోటీలో ఎవరికీ మొదటి బహుమతి దక్కనివ్వని పిల్ల, సంక్రాంతి సెలవుల తరవాత బడికి రాలేదు. మాఘమాసంలో ముహూర్తం పెట్టారని అప్పటికే అందరికీ తెలుసు. ఆ రోజు ఎవరమూ ఆ పేరు పలకలేదు, మాస్టారూ పలకలేదు.

ఆ తరవాతే రాయమన్నారు. కథలో ఉండి నోరు విప్పని వాళ్ళలో ఒకరిని ఎంచుకుని, వాళ్ళు మాట్లాడితే ఏమంటారో రాయాలి. ఎన్ని పంక్తులైనా సరే, నడక మాత్రం తప్పకూడదు. సెకండ్ బెల్ ముసలి పెళ్ళికొడుకును తీసుకుని అందరినీ ఆశ్చర్యపరిచాడు, కెప్టెన్ దుర్గ కోవెల దగ్గరి కొలనును తీసుకున్నాడు. నేను తమ్ముణ్ణి ఎంచుకుని, పన్నెండు పంక్తుల నిండా కన్నీరు, శోకం, వేదన అని రాసి ఇచ్చాను. మాస్టారు ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. పక్కన పెన్సిలుతో చిన్నగా, “మర్నాడు పొద్దున్న పూలసజ్జ ఎక్కడుంది?” అని రాశారు. ఆ ప్రశ్నతో రెండు రాత్రులు కూర్చున్నాను. మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించిన సజ్జను దించి చూస్తే, అడుగున వాడిన నందివర్ధనం పువ్వులు రెండు అంటుకుని ఉన్నాయి. పన్నెండు పంక్తులూ తీసివేసి నాలుగే రాశాను.

గోడకు వేలే పూవుల సజ్జను
తీయను చేతులు రావక్కా
నీవే కోసిన నిన్నటి పువ్వులు
అడుగున ఇంకా ఉన్నాయి

మాస్టారు వాటిని తరగతిలో చదివి కొంతసేపు కిటికీలోంచి యారాడ కొండ వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు వచ్చిన ప్రశంస అదే, అంతకంటె పెద్దది నేను ఇప్పటికీ ఎరగను. తొమ్మిది, పది తరగతుల గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

డీఎస్సీలో ఎంపికై, భీమిలి పరిసరాల బడులలోనే 25 ఏళ్ళకు పైగా తెలుగు చెబుతున్నాను. పదోన్నతి మీద దూరం వెళ్ళే అవకాశం వచ్చినా వదులుకున్నాను, అందుకు విచారం లేదు. తాత్పర్యం ముందుగా చెప్పకపోవడం, ఏ మాటను బట్టి అంటున్నావని అడగడం, మాట్లాడుకున్న తరవాతనే రాయించడం, మాస్టారి దగ్గర నేర్చుకున్న ఈ మూడూ నా తరగతిలో నేటికీ నడుస్తున్నాయి. వేమన్న ఉప్పు కప్పురంబు పద్యం చదివాక, చూడడానికి ఒకేలా ఉండి వేరైన రెండింటిని వెతికి తెమ్మంటాను. దూరం నుంచి చూస్తే హార్బరు క్రేను, కొంగ ఒకేలా ఉంటాయనీ, కొంగ మాత్రం తనకు కావలసినంతే ఎత్తుకుంటుందనీ ఏడో తరగతి అబ్బాయి ఒకడు తెచ్చాడు. దానిని ఆటవెలదిలో ఇమిడ్చడానికి తరగతి అంతా కలిసి మూడు రోజులు సూర్యగణాలు, ఇంద్రగణాలు లెక్కపెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మా బడి సరుగుడు చెట్లన్నీ పడిపోయినప్పుడు, పడిపోయాయి అనాలా, కూలిపోయాయి అనాలా, ఒరిగాయి అనాలా అని పిల్లలు ఒక పూట వాదించుకున్నారు. చివరకు ఒక అమ్మాయి, చెట్లు మొదటిసారి నేలను దగ్గరగా చూశాయని రాసింది. ఆ కాగితం మా లిఖిత పత్రికలో మొదటి పుటగా ఉంది. ఆ పత్రిక ఇప్పటికి 31 సంచికలు వచ్చింది, అన్నీ పిల్లల దస్తూరితోనే.

కమిటీ మిత్రులకు ఒక విన్నపం. మీరు పంపిన మన బ్యాచ్ జాబితాలో 58 పేర్లున్నాయి, అవి పదో తరగతి పరీక్ష రాసిన వాళ్ళవి. పూర్ణమ్మ వెళ్ళేముందు అన్నదమ్ములను అడిగినది, నలుగురూ కూర్చుని నవ్వే వేళ తన పేరు ఒకసారి తలచుకోమని. మూడో వరస చివర కూర్చున్న ఆమె గాజువాకలో ఉంటున్నారు. కిందటి నెల వెళ్ళి కలిశాను. మనుమరాలికి పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నారు, దస్తూరి అలాగే ఉంది. వస్తానన్నారు. 59వ పేరుగా ఆమె పేరు చేర్చి, ఆ రోజు వేదిక దగ్గర నల్లబల్ల మీద తేదీ ఆమె చేతనే రాయించండి.