రెండు గుర్రాలు, ఒకే బస్తా దాణా

జులైలో ఒక ఆదివారం పొద్దున్నే, మా గుర్రాలు చూసుకునే సైస్ మామ ఫోన్ చేశాడు. "అబ్బీ, రాజుగాడు రాత్రి దాణా అంతా తినేసినాడు, ఇప్పుడు వెనక కాళ్లు వణుకుతుండాయి. చుక్క అయితే దాణా వాసన చూసి వదిలేసింది. బిరీన రా."

ఆయనది మా హిందూపురమే. బెంగళూరులో హెసరఘట్ట దగ్గర కౌలుకు తీసుకున్న స్థలంలో మాకు రాజు, చుక్క అని రెండు గుర్రాలుండేవి. శని, ఆదివారాల్లో పిల్లలకు స్వారీ నేర్పేవాళ్లం. మిగతా రోజులు నేను యలహంకలో ఉద్యోగం చేసుకుంటాను.

వెళ్లేసరికి రాజు ఒళ్లంతా చెమట. ముందుకాలితో నేల గీరుతున్నాడు. కడుపునొప్పి అనుకుని పది నిమిషాలు నడిపించాను. ఆ పది నిమిషాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కడుపునొప్పి గుర్రాన్ని కాస్త నడిపించమంటారు, కానీ విషంతో కండరం దెబ్బతింటున్న గుర్రాన్ని అడుగు కూడా కదిలించకూడదు. మీ దగ్గర గుర్రం ఉంటే, వణుకూ చెమటా కలిసి కనిపిస్తే, డాక్టర్ వచ్చేదాకా ఉన్నచోటే నిలబెట్టండి.

డాక్టరమ్మది కోలారు. వచ్చీరాగానే గుండె విని, నిమిషానికి 84 అంది. ఊరికే నిలబడి ఉన్న గుర్రానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. ఆమె మొదటి ప్రశ్న, "దాణా ఏమన్నా మార్చినారా అప్పా?"

మార్చాం. శుక్రవారం కొత్త బస్తా విప్పాం. బార్లీ, ఉలవలు, గోధుమ తవుడు కలిపి మిల్లులో ఆడించిన దాణా. ఆమె మిల్లుకు ఫోన్ చేసి గట్టిగా అడిగితే, మా దాణాకు ముందు అదే మిక్సర్లో కోళ్ల మేత కలిపామని చెప్పారు. కోళ్లకు కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా అందులో మోనెన్సిన్ అనే మందు వేస్తారు.

ఆ మాట వినగానే ఆమె ముఖం మారిపోయింది. కిలో బరువుకు 2, 3 మిల్లీగ్రాములు పడితే గుర్రాల్లో సగం చనిపోతాయట. కోళ్లలో సగం చావాలంటే 200 దాకా కావాలి. మా గుర్రాలు ఒక్కొక్కటి 350 కిలోలు, అంటే 700 నుంచి 1050 మిల్లీగ్రాములు చాలు. కోళ్ల మేతలో కలిపే పొడి పది శాతం మందుదైతే, పది గ్రాముల పొడిలోనే 1000 మిల్లీగ్రాములు ఉంటుంది. మిక్సర్ అడుగున అంటుకున్న చెంచాడు పొడి చాలు. కోళ్లకు రోజూ పెట్టే మందు గుర్రానికి ఇంత విషమని నాకు తెలియదు. తెలిసుంటే ఆ మిల్లు గడప తొక్కేవాణ్ణి కాదు.

దీనికి విరుగుడు లేదు. ఈ మందు కండర కణంలోకి సోడియాన్ని తోసేస్తుంది, దాని వెంట కాల్షియం నిండుతుంది. కణానికి శక్తినిచ్చే భాగాలు ఆగిపోతాయి. గుండె క్షణం కూడా ఆగకుండా పనిచేసే కండరం కాబట్టి దెబ్బ ముందు దానికే. డాక్టరమ్మ రెండు గుర్రాలకూ ముక్కులోంచి గొట్టం వేసి బొగ్గుపొడి, పారఫిన్ నూనె పట్టించింది. సెలైన్లు, విటమిన్ ఇ ఇచ్చింది.

అప్పట్నుంచి గంటకోసారి నాది ఒకటే ప్రశ్న, బతుకుతాయా అని. ఆమె జవాబూ ఒకటే. "ఇప్పుడే చెప్పేదానికి కాదప్పా. మూడు రాత్రులు దాటనీ."

సాయంత్రానికి రక్త పరీక్షలొచ్చాయి. కండరం చెడితే రక్తంలోకి కారే సీకే అనే ఎంజైము మామూలుగా కొన్ని వందలుంటుంది. రాజుకు 6,400, చుక్కకు 21,000. చుక్క మీద ఆశ వదులుకుని రాజు దగ్గర కూర్చున్నాను. సోమవారం రాత్రి రాజు పోయాడు. పడుకున్నవాడు లేవబోయి మళ్లీ పడ్డాడు, అంతే.

ఎందుకలా అయిందో డాక్టరమ్మ తర్వాత చెప్పింది. చుక్క శుక్ర, శనివారాల్లో కొంచెం కొంచెం తిని ఆదివారం మానేసింది. దాని దెబ్బ ఎక్కువగా తొడల, వీపు కండరాల మీద పడింది. అవి మళ్లీ పెరుగుతాయి. రాజు దెబ్బ గుండె మీద. అది సీకేలో సరిగా కనపడదు, ట్రోపోనిన్ అనే వేరే పరీక్షలో కనపడుతుంది. ఆ రిపోర్టు మంగళవారం వచ్చింది. రాజుది చాలా ఎక్కువగా ఉంది.

ఆ రాత్రుళ్లు చుక్క పక్కన కూర్చుని ఫోన్లో చదువుతూనే ఉన్నాను. యూరప్‌లో ఒక రకం మేపుల్ చెట్టు గింజలు, మొలకలు తిని గుర్రాలకు ఇలాంటి కండరాల జబ్బే వస్తుంది. విషం వేరు, హైపోగ్లైసిన్ అంటారు. లీచీ పండులోనూ ఉంటుంది అది. ఆ జబ్బొచ్చిన గుర్రాల్లో నాలుగింట మూడు చనిపోతాయి. ఏవి బతుకుతాయో అక్కడి డాక్టర్లు వందల గుర్రాలను గమనించి రాశారు. నిలబడగలగడం, పేడ వేయడం, ఒంటి వేడి తగ్గకపోవడం మంచి గుర్తులు. పడుకుండిపోవడం, ఒళ్లు చల్లబడటం, ఆయాసం, గుండె వేగం చెడ్డ గుర్తులు. అక్కడ కూడా ఒక్క సీకే అంకె చూసి తేల్చడం కుదరదు.

అది వేరే విషమని తెలుసు. అయినా చేతులు కట్టుకుని కూర్చోలేక, కొట్టం గోడ మీద సుద్దముక్కతో గళ్లు గీశాను. గంట, గుండె వేగం, నిలబడిందా, పేడ, నీళ్లు, ఉచ్చ రంగు. మామ, నేను వంతులేసుకుని నింపాం. మంగళవారం తెల్లవారుజామున, చెడిన కండరం రంగు దిగి ఉచ్చ కాఫీ రంగులో వచ్చినప్పుడు నా చేయి వణికింది. కానీ ఆ గళ్లలో చుక్క ఒక్కసారి కూడా రెండు గంటలకు మించి పడుకోలేదు. గుండె వేగం 64, 60, 56... బుధవారం మధ్యాహ్నానికి 48. డాక్టరమ్మ గోడ చూసి, రిపోర్టుల కంటే ఇదే తనకు ఎక్కువ చెప్పిందని అంది. ఆ రోజే మొదటిసారి "బతుకుతుంది" అనే మాట ఆమె నోట విన్నాను.

గండం అక్కడితో తీరలేదు. సీకే వారంలో దిగింది, ఏఎస్టీ అనే ఇంకో ఎంజైము మాత్రం వారాల తరబడి ఎక్కువగానే ఉంది. అది మెల్లగా దిగుతుందట, భయపడొద్దంది డాక్టరమ్మ. అసలు భయం గుండెలో మిగిలే మచ్చ గురించి. మోనెన్సిన్ నుంచి బయటపడ్డ గుర్రం నెలల తర్వాత పరిగెత్తుతూ ఒక్కసారిగా కూలిపోవచ్చు. నాలుగో రోజు స్కానింగులో గుండె ముడుచుకునే శాతం 24కి పడిపోయి ఉంది. మూడు నెలలు కొట్టం దాటనివ్వలేదు. అక్టోబరులో మళ్లీ తీస్తే 33కి పెరిగింది, ట్రోపోనిన్ మామూలుకొచ్చింది.

"అయినా దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు" అంది డాక్టరమ్మ. కూర్చోబెట్టలేదు. ఒక తల్లి, చూడ్డానికి బాగానే ఉంది కదా అని అడిగింది. గోడ మీద సుద్ద గళ్లు చూపించి మొత్తం చెప్పాను. వాళ్ల పాప ఇప్పుడు ఆదివారాలు వచ్చి చుక్క జూలు దువ్వుతుంది.

ఉలవలు, బార్లీ ఇప్పుడు గింజలుగానే కొంటున్నాం. మామ ఇక్కడే నానబెట్టి ఉడకేస్తాడు. ప్రతి బస్తా నుంచి ఒక పిడికెడు సీసాలో పోసి, తేదీ రాసి అటక మీద పెడుతున్నాడు. నిన్నటికి పదకొండు సీసాలయ్యాయి.