నోటికి అడ్డంగా రబ్బరు షీటు

"ముక్కుతో గాలి పీల్చుకోండమ్మా, టెన్షన్ పడకండి" అంటున్నారు డాక్టరుగారు. నోటికి అడ్డంగా ఆకుపచ్చ రబ్బరు షీటు, దాని చిల్లులోంచి రూట్ కెనాల్ చేసే పన్ను ఒక్కటే బయటికి.

రబ్బర్ డ్యామ్. 1864లో న్యూయార్క్ డెంటిస్ట్ బార్నమ్, పన్ను ఉమ్మితో తడవకుండా ఉండాలని వాడాడు. ఇప్పుడు దాంతో ఇంకో లాభం: డ్రిల్ చిమ్మే తుంపరల్లో మన ఉమ్మి తక్కువ కలుస్తుంది. పెద్ద చుక్కలు కింద పడిపోతాయి, సన్నవే గాల్లో తేలుతుంటాయి. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు పీల్చేది ఆ గాలే కదా!

ముందే మందునీళ్ళు పుక్కిలించమన్నారు. చెంప పక్కన తుంపరల్ని లాగేసే లావుపాటి సక్షన్ గొట్టం, పైగా కిటికీలు బార్లా. ఉక్కపోసింది, పోనీలెండి.

స్కేలింగ్‌కి, అంటే పళ్ళు క్లీన్ చేయడానికి మాత్రం మామూలుగా ఈ షీటు ఉండదు, భారమంతా సక్షన్ మీదే. ఈసారి పళ్ళు క్లీన్ చేయించుకోవడానికి వెళ్తే ముందు కిటికీలు చూసుకునే కూర్చుంటా.