హోనోరియస్ కోడి, 52 వేల బస్తాలు

సంక్రాంతికి ఇంకా నెలన్నర ఉంది, మా బాబాయ్ అప్పుడే డేగపుంజుని ఒళ్లో పెట్టుకుని బాదంపప్పు ఒక్కొక్కటే చేత్తో తినిపిస్తున్నాడు. నాకు రోమన్ చక్రవర్తి హోనోరియస్ గుర్తొచ్చాడు. 410లో గోత్‌లు అనే జర్మానిక్ తెగవాళ్లు రోమ్‌ని దోచుకున్నప్పుడు, కోళ్లు చూసే నౌకరు వచ్చి "రోమా పోయింది ప్రభూ" అంటే, "ఇప్పుడే కదయ్యా నా చేతిలో గింజలు తింది!" అన్నాడట ఆ చక్రవర్తి. ఆయన పెంపుడు కోడి పేరు కూడా రోమాయే. పోయింది నగరమని తెలిశాక హమ్మయ్య అనుకున్నాడట. వందేళ్లు దాటాక ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు రాసిన కథ, నేనైతే నమ్మను. బాబాయ్ మాత్రం వెంటనే నమ్మేశాడు.

హోనోరియస్‌ది థియొడోసియస్ వంశం. 395లో తండ్రి థియొడోసియస్ పోయాక రోమన్ సామ్రాజ్యంలో తూర్పు సగం పెద్దకొడుక్కి, పడమటి సగం పదేళ్ల హోనోరియస్‌కి వచ్చాయి. ఈయన 402లో మిలాన్ వదిలేసి రవెన్నా చేరాడు. అది కూడా మనలా డెల్టాయే, ఇటలీలో పో అనే నదిది. చుట్టూ నీళ్లు, బురద, మన లంకల్లా దారి తెలిసినవాడే వెళ్లగలడు.

అసలు మనిషి ఆయన చెల్లెలు గాలా ప్లాసిడియా, తండ్రి ఒకడే, తల్లులు వేరు. గోత్‌లు బందీగా పట్టుకెళ్లారు, 414లో వాళ్ల రాజు అతాల్ఫ్‌నే పెళ్లి చేసుకుంది, పుట్టిన కొడుకు పసిగుడ్డుగానే పోయాడు, మరుసటేడు మొగుణ్ణి చంపేశారు, ఆ తర్వాత గద్దెక్కినవాడు ఈమెని తన గుర్రం ముందు పన్నెండు మైళ్లు నడిపించాడు. వాడూ వారానికే పోయాడనుకోండి. 416లో, తిండి లేక అల్లాడుతున్న గోత్‌లకి ఆరు లక్షల కొలతల ధాన్యం ఇచ్చి ఆమెని వెనక్కి తెచ్చుకున్నారు. వచ్చీ రాగానే ఇష్టం లేకపోయినా సేనాపతి కాన్‌స్టాంటియస్‌తో పెళ్లి! కానీ 425 నుంచి ఆరేళ్ల కొడుకు వాలెంటీనియన్ పేరు మీద పడమరంతా నడిపింది ఈవిడే.

ఆ కొలత మన కుంచం లాంటిది, మోడియస్ అంటారు. ఒక్కోటీ ఆరున్నర కిలోలు వేసుకున్నా మన 75 కిలోల బస్తాల్లో 52 వేలు. బాబాయ్ పుంజుని కింద దింపి వేళ్ల మీద లెక్కేశాడు: ఎకరానికి నలభై బస్తాలైతే పదమూడొందల ఎకరాల దాళ్వా పంట.

కాసేపాగి అడిగాడు, "తేమ ఎంతుందో చూశారంటరా వాళ్లు? మాకైతే పదిహేడు దాటితే తరుగు తీసేస్తున్నారు."