రేపు అన్నందుకు

చినుకులు పడుతున్నాయి కదా, ఈ బ్లాక్‌కి, అంటే ఓడలో ఓ పెద్ద ముక్కకి, వెల్డు లోపల పగుళ్ళున్నాయేమో చూసే అల్ట్రాసోనిక్ టెస్టు రేపు పొద్దున్నే చేస్తానన్నాను. అంతే, మా కొరియన్ ఫోర్‌మన్ పదిమందిలో అరిచేశాడు. క్రేన్ టైము బ్లాక్ మీద సుద్దతో రాసి ఉంటే రేపంటావేంటని! తర్వాత తనే టార్పాలిన్ కట్టి, నేను వెల్డు పక్కన ప్రోబు జరుపుతున్నంతసేపూ టార్చి పట్టుకుని నిలబడ్డాడు. తిట్టి ఊరుకున్నా బాగుండేది.

రూముకొచ్చాక కూడా మండుతూనే ఉంది. నేను విశాఖ సింధియాలో పెరిగినవాణ్ణి. మా వైజాగ్ ఓడల యార్డులో కట్టిన 'జల ఉష'ను నెహ్రూ గారు 1948లోనే నీళ్ళలోకి దింపారు. ఇక్కడ దక్షిణ కొరియా ఉల్సాన్‌లో పెద్ద యార్డుకి పనులు మొదలైందే 1972లో. ఒకపక్క డాక్ తవ్వుతూ, ఇంకోపక్క ఓడ కడుతూ, 1974కల్లా గ్రీకు ఓనరు కోసం 2,60,000 టన్నుల ట్యాంకరు నిలబెట్టేశారు.

ఉక్కు సంగతి ఇంకా బాధ. ఇక్కడికి దగ్గర్లోని పోహాంగ్‌లో 1970లో పని మొదలుపెట్టి 1973లో ఉక్కు తీశారు. మన విశాఖ ఉక్కుకి ఇందిరాగాంధీ 1971లో శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితమైంది 1992లో. ఈ మధ్యలో నేను పుట్టి, బళ్ళో కూడా చేరిపోయాను.

వీళ్ళు కష్టజీవులు, మనం బద్ధకస్తులం అంటే మాత్రం ఒప్పుకోను. ఇదే యార్డులో రాత్రిదాకా వెల్డింగ్ చేసేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. అసలు తేడా ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుందన్న దగ్గరే ఉందనిపిస్తుంది. అప్పట్లో ఇక్కడి ప్రభుత్వం కంపెనీలకి చవగ్గా అప్పులిచ్చింది, కానీ ఎగుమతి టార్గెట్ చూపించమంది. కొనేవాడు విదేశీయుడు, ఓడ లేటైతే మొహమాటపడడు. మన యార్డుకి ఆర్డరిచ్చేది ఎక్కువగా మన సర్కారు సంస్థలే. లేటైతే ఇంకో ఫైలు కదిలేది, అంతే.

అలాగని అంతా వీళ్ళ గొప్పే అనను. పోహాంగ్‌లో పడింది వలస పాలనకి పరిహారంగా జపాన్ ఇచ్చిన డబ్బు. అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ నియంతృత్వంలో సొంతంగా యూనియన్ పెట్టుకోవడమంటే జైలే. మనం ఉక్కు కోసం రోడ్డెక్కి, ప్రాణాలిచ్చి సాధించుకున్నాం. ఇక్కడి కార్మికులు సొంత యూనియన్ పెట్టి పెద్ద సమ్మెకి దిగడానికి 1987 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ మాటే మర్నాడు టీ దగ్గర ఫోర్‌మన్‌తో అన్నాను. ఆ సమ్మెలో తనూ ఉన్నాడట. గర్వంగా చెప్పి, అప్పుడు ఆగిపోయిన ఓడని తర్వాత ఓవర్‌టైములు చేసి ఎలా గడువుకి అందించారో కూడా చెప్పుకొచ్చాడు.