గండికోట ఫిరంగి, మైలవరం వలగుండ్లు

మా మేనమామ మద్రాస్ రెజిమెంటులో పనిచేసి ఊరికొచ్చి చాలా ఏళ్లయింది. పొలం, పాడి తప్ప ఇంకో ధ్యాస లేని మనిషి. అయినా గండికోట పోదామంటే మాత్రం తెల్లారకముందే తలపాగా చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కడపలో బయల్దేరి ప్రొద్దుటూరులో ఎర్రకారం దోసె తిని, జమ్మలమడుగు దాటి కోటకు చేరేసరికి ఎండ ముదరలేదు. జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్ల దారి.

అందరూ చూసేవి మేమూ చూశాం. జామియా మసీదు, పక్కన ధాన్యాగారం, మాధవరాయస్వామి గోపురం, కింద ఎర్రరాతిని చీల్చుకుపోయిన పెన్న. లోయ అంచున నిలబడితే ఎవరికైనా మాట పడిపోతుంది. మామ మాత్రం అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. కోటలో పడి ఉన్న పాత ఫిరంగి దగ్గరికి పోయి, గొట్టంలోకి చెయ్యి పెట్టి తడిమి, "పోత బాగుండాదిరా" అన్నాడు.

నాకు గుర్తొచ్చిన కథ ఒకటి అక్కడే చెప్పాను. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల చేతిలోంచి తీసుకున్నాడు. ఆ ఏడే ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే ఇక్కడికి వచ్చి, చూసినవీ విన్నవీ రాసిపెట్టాడు. మీర్ జుమ్లాకు ఇరవై ఫిరంగులు కావాల్సి వచ్చాయి. బూర్జ్ ఊరివాడు క్లోద్ మాయ్ అనే ఫ్రెంచి పనివాడికి ఆ పని అప్పజెప్పాడు. రాగి కోసం చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలన్నీ మోసుకొచ్చారు. మిగతావి కరిగాయి గానీ గండికోట గుడిలోని విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లాకు కోపం. చివరికి మాయ్ ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా పోయలేక పని వదిలేసి పోయాడని టావెర్నియే రాశాడు.

మామ నవ్వలేదు. "రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటల్ల. కొలిమి తెలిసినోడు కావల్ల. ఫిరంగి పోసేదానికి దేశంకాని దేశం నుంచి మనిషిని తెచ్చుకున్నారంటే అందుకే. తుపాకి గుండు అట్ల కాదు. సీసం మన కట్టెల పొయ్యి మీదే కరుగుతుంది" అన్నాడు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. ఆ తేడా ఎంత దూరం పోతుందో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

మధ్యాహ్నం మైలవరం జలాశయం ఒడ్డుకు దిగాం. అక్కడ వేపచెట్టు కింద ఒకాయన మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఇనుప గరిటెలో సీసం కరిగిస్తున్నాడు. విసురువల అంచుకు కట్టే గుండ్లు పోస్తున్నాడు. ఇటుకలో తొలిచిన గుంటలే అచ్చు. గరిటె వంచగానే వెండిలా మెరిసి, అరనిమిషంలో బూడిదరంగుకు తిరిగి గట్టిపడేది. మామ పక్కన కూర్చుని, చల్లారిన గుండును బొటనవేలి గోటితో గీకాడు. గీత పడింది.

"మెత్త సీసం. యాడిదన్నా ఇది?"

"పాత కేబుళ్ల పైతొడుగు సార్. పాత సామాన్ల అంగట్లో దొరుకుతుంది."

"బ్యాటరీది కాదు గదా?"

కాదన్నాడు ఆయన. మామ అప్పుడు గానీ నెమ్మదించలేదు. బ్యాటరీ పగలగొట్టి తీసిన సీసంలో ఆసిడ్ మడ్డి కలిసి ఉంటుందని, దాన్ని ఇంటి దగ్గర కరిగించడమంటే బిడ్డల నోట్లో విషం పెట్టడమేనని కోపంగానే చెప్పాడు. కరిగిన సీసం మీద తేలే పొడి, చేతికంటిన మసి కడుపులోకి పోతే ఒంట్లో పేరుకుపోతుంది. పసిపిల్లల మెదడుకు సీసం చేసే చెరుపు మళ్లీ తిరిగిరానిది. అక్కడ ఆడుకుంటున్న ఐదేళ్ల పిల్లోణ్ణి పొయ్యికి దూరంగా, గాలి వచ్చే వైపున కూర్చోబెట్టించాడు.

మామ సైన్యంలో పనిచేశాడని తెలిశాక ఆ జాలరి అడిగిన ప్రశ్నే నా ఈ రాతకు మూలం. "సార్, మీ తుపాకిలో ఈ గుండు పెడితే పోతాదా?"

మామకు అంతసేపు మాట్లాడే అలవాటు లేదు. ఆ రోజు మాట్లాడాడు. మొదట మాట సరిచేశాడు. తూటా అంటే మొత్తం: ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు రాజేసే క్యాపు, లోపల తుపాకిమందు, ముందర గుండు. ఎగిరిపోయేది గుండొక్కటే. బర్మారు తుపాకిలో మూతి నుంచి మందు దట్టించి, గుడ్డపీలిక పెట్టి, సీసం గుండు దిగ్గొట్టేవాళ్లు. ఆ పాతకాలపు నల్ల తుపాకిమందు నెమ్మదిగా తోస్తుంది కాబట్టి మెత్త సీసం దానికి సరిపోయింది. 1884లో ఫ్రాన్సులో పొగలేని మందు వచ్చాక గుండు వేగం బాగా పెరిగింది. ఆ వేగానికి ఒట్టి సీసం గొట్టంలోనే చెరిగి, లోపలి మెలిక గాడులకు అంటుకుపోతుంది. అందుకే సీసానికి రాగి తొడుగు వేశారు. స్విట్జర్లాండు సైన్యాధికారి రూబిన్ 1882 నాటికే ఆ దారి పట్టాడు.

మామ మోసింది ఎస్ఎల్ఆర్, బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానాలో చేసిన 7.62 మిల్లీమీటర్ల రైఫిలు. మ్యాగజీనులో ఇరవై తూటాలు. గుండు సెకనుకు దాదాపు 840 మీటర్ల వేగంతో పోతుంది. గొట్టంలోని మెలిక గాడుల వల్ల ఆ సెకనులోనే రెండువేల ఏడువందల చుట్లు తిరిగే లెక్క. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒక గుండు. తర్వాతి తూటాను మనిషి ఎక్కించక్కర్లేదు. గొట్టానికి పైన చిన్న రంధ్రం ఉంటుంది. గుండు దాన్ని దాటగానే వెనకాల తోసుకొస్తున్న గ్యాసు కొంత అందులోంచి పోయి పిస్టన్‌ను వెనక్కి కొడుతుంది. ఖాళీ ఇత్తడి బయటపడి, స్ప్రింగు కొత్త తూటాను లోపలికి నెడుతుంది.

"ఆ నెట్టడం సున్నితంగా ఉండదన్నా. తూటా ముక్కు పోయి ఇనుముకు తగిలి పైకి జారల్ల. నీ సీసమైతే ముక్కు నలిగి ఆడనే ఇరుక్కుంటాది. ఒకవేళ పేలిందనుకో, సీసం తునకలు, దానికి పూసిన మైనం మసి కలిసి ఆ చిన్న రంధ్రాన్ని మూసేస్తాయి. ఇంగ తుపాకి తనంతట తాను ఎక్కించుకోదు. సరే, మందు తగ్గించి నెమ్మదిగా పంపుదామంటే, పిస్టన్‌ను తోసే బలమే చాలదు. వేగంగా పోతే సీసం చెరుగుతాది, నెమ్మదిగా పోతే మిషను ఆడదు. పాత .303 రైఫిలు అయితే చేత్తో బోల్టు లాగుతాం గాబట్టి ఆ బాధ లేదు."

మరి ఎవరూ చేయలేదా అని అడిగాను. చేసినవాణ్ణి మామ కళ్లారా చూశాడు. కొడుకు దగ్గరికి టెక్సాస్ పోయినప్పుడు, ఇంటి పక్కన ఉండే ముసలాయన ఎం-1 గ్యారండ్ రైఫిలుకు గుండ్లు తానే పోసుకునేవాడట. 1936లో అమెరికా సైన్యం తీసుకున్న సెమీ ఆటోమేటిక్ అది. దాంట్లోనూ గ్యాసు రంధ్రమే. ఆయన ఒట్టి సీసం వాడడు. ఆంటిమొనీ, తగరం కలిసిన గట్టి సీసం కోసం పాత ముద్రణాలయాల సీసపు అక్షరాలు వెతికి కొనేవాడు. గుండు అడుగున రాగి బిళ్ల తొడిగేవాడు, వేడి గ్యాసు సీసాన్ని కోయకుండా. మైనం, నూనె కలిపి గాట్లలో నింపేవాడు. మందు తగ్గించీ తగ్గించకుండా, తుపాకి ఆడే అంచు దొరికేదాకా వారాల తరబడి పరీక్షలు. కాల్చినరోజు రాత్రి గొట్టం, పిస్టన్ విప్పి తోముకుంటూ కూర్చునేవాడు. "ఆ ఓపికకు దండం పెట్టొచ్చు" అన్నాడు మామ. ఆ మాట మామ నోట వినడం నాకు సంతోషమేసింది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద ఇలాంటి రైఫిలు మామూలు పౌరుడి చేతికి రాదు కాబట్టి, ఆ కళ చూడాలన్నా అక్కడికి పోవాల్సిందే.

అక్షరాలంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు కడపలో పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులో చెక్కగదుల నిండా సీసపు 'క'లు, 'ల'లు చూశాను. అవి ఆఫ్‌సెట్ వచ్చాక తూకానికి పోయాయి. ఎక్కడ కరిగాయో, దేనిలోకి పోయాయో అని ఆ రాత్రి జమ్మలమడుగు లాడ్జిలో చాలాసేపు నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు కోవెలకుంట్ల పోయాం. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు ఇక్కడి ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీశారు. తలను 1877 దాకా కోట బురుజుకు వేలాడదీశారు. ముప్పై ఏళ్లు. ఆ ఊళ్లో నిలబడి ఆ లెక్క వేసుకుంటే కడుపులో దేవినట్టయింది.

ఆ కాలానికి తూటా కార్ఖానా సరుకు కాలేదు. సీసం, మందు, ఒక అచ్చు ఉంటే పాళెగాడి మనుషులు తమ గుండ్లు తాము పోసుకోగలిగిన కాలం. మాయ్‌కి లొంగని రాగి ఫిరంగి దొరల పని అయితే, సీసం గుండు ఊరి పని. రాగి తొడుగు, పొగలేని మందు, తనంతట తాను ఎక్కించుకునే రైఫిలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ పనిని ఊరి చేతిలోంచి తీసేసుకున్నాయి. నరసింహారెడ్డి ఇంకో యాభై ఏళ్లు ఆలస్యంగా తిరగబడి ఉంటే కట్టెల పొయ్యి, గరిటె ఆయనకు ఎందుకూ కొరగాకపోయేవి. ఇది నా ఆలోచన. మామకు చెప్తే కాసేపు ఏమీ అనలేదు.

తర్వాత జేబులోంచి జాలరి ఇచ్చిన వలగుండు తీసి అరచేతిలో దొర్లిస్తూ అన్నాడు. "సర్వీసులో ఎన్ని వేల తూటాలు కాల్చినానో లెక్క లేదురా. ఒక్కదాంట్లో కూడా ఏముందో విప్పి చూల్లేదు. పెట్టె ఇచ్చినారు, కాల్చినాం."

బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొన్నాను. సీసం ముట్టుకున్న చేతులని, సబ్బు తెప్పించి ఇద్దరమూ కొళాయి కింద కడుక్కునేదాకా పొట్లం విప్పనియ్యలేదు మామ.